మూడో పాదంలో ఖాళీ

టంగ్, టంగ్, టంగ్, టంగ్. సిమెంటు స్లీపరుకు నాలుగు క్లిప్పులు. బచేలి స్టేషను దాటిన మలుపులో, రైలు పట్టాల వెంట పాల్ ఒక్కొక్కదాన్నీ సుత్తితో తట్టి చూస్తూ పోతున్నాడు. భుజాన ఎర్రజెండా, స్పానరు. ఇనుపరాయి ధూళికి చొక్కా ఎప్పుడో రంగు మారింది. ఇరవై రెండేళ్లుగా రైల్వేలో పట్టాలు చూసుకునే కీమేన్. ఊడిన చోటు కనబడితే క్లిప్పు దిగగొట్టందే అడుగు ముందుకు వేయడు.

ఆ బుద్ధే నిన్న భార్య పాట మీదా చూపించాడు. ఆదివారం ప్రార్థనలో పాడాలని స్వర్ణకుమారి సొంతంగా కట్టుకున్న పాట అది. పాదానికి తాళం నాలుగు దెబ్బలు. ఎర్ర, గొర్రె, కర్ర, వెర్రి అంటూ ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలిసింది. అన్నీ 'తండ్రి' అని ముగుస్తాయి, ఆఖరిది రెండుసార్లు. ఎనిమిదితో చదువాగిన మనిషికి ఎలా కుదిరిందో! మూడోది మాత్రం 'కర్రచాపి పిలువవయ్య తండ్రి'. మూడే దెబ్బలు. పాల్ పెన్ను తీసి నడుమ 'ప్రేమతోడ' అని బిగించాడు. అసలు ఎవరడిగారు ఇతన్ని?

"అది ఊడిపోనేదయ్యా. నేనే ఒగ్గీసినాను," అంది ఆవిడ, రొప్పుతూ.

ఎందుకు వదిలిందని పాల్ అడగలేదు. పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే, నీ మాటతోనే నేర్చుకుంటాలే అని నవ్వింది.

వంతెన దగ్గర పట్టాల అతుకు వచ్చింది. ఎండకు ఇనుము సాగితే చోటుండాలని వదిలిన సన్నని సందు. కొత్తగా చేరినవాళ్లకు దీన్ని పూడ్చకండని చెప్పేది తనే. పాల్ అక్కడ నిలబడి పాట మనసులో అనుకున్నాడు. 'కర్రచాపి' దగ్గర ఆమె ప్రతిసారీ ఆగి ఊపిరి తీసుకునేది. ఆయాసపు మనిషి మరి. తను మాట దిగగొట్టింది సరిగ్గా అక్కడే. ఇంటికెళ్లగానే ఆ మాట కొట్టేయాలి. ఆమె పాట ఆమె పాడుకోవాలి.

తిరిగొచ్చేసరికి క్వార్టరు ముందు జనం. పక్కింటి నాగలక్ష్మి ఎదురొచ్చింది. పాట నేర్చుకుంటుండగా ఆయాసం ఎక్కువైందట. పాల్‌కి ఫోను కలవలేదట. ఆసుపత్రి బండి వచ్చేలోపే ప్రాణం పోయిందట.

"మూడో లైను నాలుగుసార్లు ఎత్తుకుంది అన్నయ్యా. దాటనేకపోయింది."

పాల్ సుత్తితోనే లోపలికి నడిచాడు. ఆమె పక్కన కూర్చుని, చల్లబడిన చెయ్యి పట్టుకుని, ఆ మాట కొట్టేస్తానని చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాడు.

చాప మీద నోటుబుక్కు తెరిచే ఉంది. మూడో పాదం నడుమ, నీలి సిరాతో, పాల్ దస్తూరీలో 'ప్రేమతోడ'.