మిషను తిరిగితే నీది

వారం నుంచి కోడలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. బజారులో ఆమె మెట్లెక్కని కుట్టుమిషన్ల కొట్టు లేదు. అత్తగారి పాత మిషనులోంచి విప్పిన స్ప్రింగు, షటిలు, బాబిను సంచిలో వేసుకుని, కనిపించిన ప్రతివాడినీ "ఇలాంటిది ఉందా?" అని అడగడమే పని.

ఉంటే కదా! ఒకడు "దీన్ని మా తాత చూసుంటాడు" అని నవ్వాడు. ఇంకొకడు కొత్త మిషను అంటగట్టబోయాడు. చివరికి పాత ఇనప సామాను కొట్టులో, తుప్పు గుట్టలో చెయ్యి పెట్టి, వేలు కోసుకుని, అచ్చం అలాంటి స్ప్రింగే సంపాదించింది. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా బిగించి తొక్కింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, దారం గుడ్డ కింద చిక్కుపడి మళ్ళీ గూడు కట్టింది.

"మా అమ్మ మిషను నీకిచ్చిందో, నిన్ను మిషనుకిచ్చిందో!" అన్నాడు మొగుడు. ఆమెకు ఒళ్ళు మండింది.

అత్తగారు బతికున్నన్నాళ్ళూ కోడలు కుట్టిన దేన్నీ బాగుందనలేదు. విప్పేసి, తనే మళ్ళీ కుట్టి చేతిలో పెట్టేది. ముఖం మీద ఎప్పుడూ ఓ జుట్టు పాయ వేలాడుతుంటే, దాన్ని ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటూనే తొక్కేది. చూసేవాళ్ళకు చిరాకు గానీ ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. అలాంటి మనిషి, పోయేముందు, కన్నకూతురు పక్కనే ఉండగా "మిషను కోడలికి" అంది. ఆవిడ నోట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం కోడలి వల్ల కాదు.

ఆడపడుచు ఊరుకుంటుందా? "ఆదివారం వస్తున్నా. మిషను తిరిగితే నీది, మూలన పడుంటే నాది" అని ఫోన్లో తేల్చేసింది.

నిజానికి అది మొన్నమొన్నటిదాకా బాగానే తిరిగింది. జిడ్డోడుతోందని కోడలే విప్పి, కిరసనాయిలుతో తుడిచి, సందుల్లో ఇరుక్కున్న చెత్తంతా గీకి పారేసింది. ఈ గూళ్ళు ఆ రోజు నుంచే మొదలయ్యాయి.

ఆదివారం రానే వచ్చింది, ఆడపడుచూ వచ్చింది.

"కాసిని మంచినీళ్ళు తాగు వదినా."

"నీళ్ళెక్కడికి పోతాయి? మిషను చూపించు ముందు."

ఆడపడుచే కూర్చుని తొక్కింది. దారం గూడు కట్టింది. ఆవిడ చెయ్యి సూది పైన, దారం దిగే చోటికి వెళ్ళి తడుముకుంది.

"పిన్నేదమ్మాయ్?"

"ఏ పిన్ను?"

"అమ్మ తలపిన్ను. ఈ స్క్రూ కింద ఉండాలి. నా చిన్నప్పుడు దారాన్ని పట్టి ఉంచే కొక్కెం విరిగిపోతే, తలలోంచి పిన్ను తీసి, వంచి ఇక్కడ బిగించింది. తలకింకో పిన్ను కొనుక్కోవే అని నేనంటే, కొంటే అదీ మిషనే తినేస్తుందనేది."

కిరసనాయిలు గుడ్డలో వంకర తిరిగిన తుప్పు తీగ కోడలి కళ్ళముందు మెదిలింది. సంచిలో ఉన్నవాటికి జతలు వెతుకుతూ ఊరంతా తిరిగింది గానీ, లేనిదాని గురించి ఎవర్నని అడుగుతుంది? ఎక్కడో ఊడి పడిపోయిందనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చెత్తనుకున్నాను వదినా. పారేశాను."

ఆడపడుచు లేచి పక్కకు జరిగింది. కోడలు ఆ చోట కూర్చుని, తన తలలోంచి పిన్ను లాగి, పట్టకారుతో వంచి, స్క్రూ కింద ఇరికించి బిగించింది. తొక్కింది.

గుడ్డ ఈ చివర నుంచి ఆ చివర దాకా కుట్టు తిన్నగా పడింది.

సంతోషం పట్టలేక తలెత్తింది. వదిన కుట్టు చూడడం లేదు, ఆమె ముఖం చూస్తోంది. పిన్ను తీసేసిన చోట జుట్టు పాయ ఊడి కళ్ళ మీద పడుతోంది. కోడలు దాన్ని వెనక్కి తోసుకోబోయింది.

"తోసుకోకు" అంది ఆడపడుచు. "కాసేపు అలాగే కుట్టు."