తొలి తేనె

ఏటా మొదట పిండిన తేనె మేలు చేసినవాళ్లకే ఇవ్వాలన్నది దూలయ్య ఇంటి ఆనవాయితీ. మూడేళ్లుగా ఆ సీసా చిరంజీవికే పోతోంది. దూలయ్యకు వరసకు తమ్ముడు. ఖమ్మంలో ఓ డిగ్రీ కాలేజీకి ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించడం అతని పని. "ఒక్క రూపాయి కట్టే పన్లేదన్నా, ఫీజంతా సర్కారే కడ్తది" అని దూలయ్య కూతురు శ్రావణిని బీఎస్సీలో చేర్పించింది అతనే.

ఈసారి తేనె శ్రావణే తెచ్చింది. ఎలాగూ కాలేజీలో తన సర్టిఫికెట్లు తీసుకోవాలి. ఎల్లుండి బీఈడీ కౌన్సెలింగ్. ఒరిజినల్స్ చూపించకపోతే వచ్చిన సీటు పోతుంది.

ఆఫీసులో సుజన మేడం కంప్యూటర్ చూసి పెదవి విరిచింది. "రెండేండ్ల ఫీజు సర్కారు నుంచి రాలేదమ్మా. డెబ్బై వేలు కట్టి తీస్కపో."

"మేం కట్టేదేం లేదని చెప్పిన్రు మేడం."

ఆమె ఫైల్లోంచి ఓ కాగితం తీసి ముందు పెట్టింది. సర్కారు ఇవ్వకపోతే మొత్తం నేనే కడతాను, అప్పటిదాకా నా కూతురి సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉంచుకోవచ్చు అని ఉంది. కింద నాయన వేలిముద్ర. పక్కన సాక్షిగా చిరంజీవి సంతకం.

కాలేజీలో చేర్పించిన రోజు ఇది స్కాలర్‌షిప్ ఫారమన్నాడు చిరంజీవి. నాయన చదివి వినిపించమనలేదు. అయినవాణ్ని అలా అడిగితే అవమానించినట్టని ఆయన లెక్క. ఇంటర్ పాసైన తనూ చదవలేదు. శ్రావణి విసురుగా బయటికొచ్చింది.

వరండాలో చిరంజీవి పక్క తండా రూప్లాను, అతని కూతుర్ని కూర్చోబెట్టి ఏవో కాగితాలు సర్దుతున్నాడు. శ్రావణిని చూసి నవ్వుతూ లేచొచ్చాడు. "నాయన తేనె పంపిండా బిడ్డా?"

"పంపిండు చిన్నాయనా. మేలు చేసినోళ్లకియ్యమన్నడు." సీసా సంచిలోంచి తియ్యలేదు. "నువ్వు సాక్షి సంతకం పెట్టిన కాయితం చూసిన."

అతను గొంతు తగ్గించాడు. "అందరితోని పెట్టించేదే బిడ్డా. చేర్పించిన మనిషికింత అని కాలేజోళ్లిస్తరు. నేనూ బతకాలె గద."

"నా మీద ఎంతొచ్చింది?"

"మూడు వేలు," అన్నాడు నేల చూస్తూ.

ఏడవకూడదనుకుంది గానీ కన్నీళ్లు ఆగలేదు. అవతల రూప్లా అప్పటికే బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద పెట్టాడు. శ్రావణి కళ్లు తుడుచుకుని వెళ్లి అతని పక్కన కూర్చుంది.

"జర ఆగు కాకా," అని కాగితం తన చేతిలోకి తీసుకుని, మొదటి లైను నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.