రాలని వేరుశెనగ గింజ

రస్మతా బాన్సే రేడియోలో హెల్మెట్ ప్రకటన మొదలుపెడితే చాలు, వాగడూగు ఊరంతా టీ కలుపుకోవడానికి లేచేది. "ప్రియమైన పౌరులారా, శిరస్త్రాణము ధరించుడు" అని పైవాళ్ళు రాసిచ్చేవారు. ఎవరు వింటారండీ ఆ గోల! గాడిదబళ్ళ కాలం పోయి ఊరు మోటారు సైకిళ్ళమయం అయిపోయింది. ప్రకటన గొంతు మాత్రం తాతల నాడు మశూచి టీకాలప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఊళ్ళోవాళ్ళ తలకాయల సంగతి అలా ఉంచండి, ఆమె దిగులంతా తమ్ముడు సులే గురించే. వాడు పొద్దస్తమానం బండి మీద సరుకులు చేరవేస్తాడు. ఆమె కొనిచ్చిన హెల్మెట్‌లో కోళ్ళకు గింజలు పోస్తున్నాడు.

"ఈ ఎండలో అది పెట్టుకుంటే బుర్ర ఉడికిపోద్దక్కా. నీ ఉపన్యాసాలు రేడియోలో చెప్పుకో."

సాయంత్రం వాడి బండి చప్పుడు వినపడేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె ప్రకటన చదవడం ముగించింది. అద్దం అవతల మీటలు నొక్కే ఎవారిస్ట్ బజియే గురున్సీవాడు, ఈమె బిసా. ఆ రెండు తెగలకూ ముత్తాతల నాటి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే, కోపం మాత్రం రాకూడదు. చావింట్లో కూడా మానరు. అలాంటివాడికి నోరు ఆగుతుందా? మైకు కట్టేయడం మరిచిపోయి లోపలికొచ్చాడు.

"ఏమే నా బానిసా! మీ బిసావాళ్ళకి హెల్మెట్లెందుకే? ఆ తలల్లో ఉండేది మీరు పొద్దస్తమానం నమిలే వేరుశెనగ గింజలేగా! పగిలితే పగలనీ, ఏరుకుని వేయించుకుంటాం."

"నోర్ముయ్‌రా కుక్కమాంసం తినే గురున్సీ మొహమా! మా గింజలు నీకు దక్కనిస్తామా? హెల్మెట్ డొప్పలో పెట్టి మూతేసుకుంటాం. మీ తలలే ఖాళీ కుండలు, పడితే వీధంతా మోగుద్ది!"

అప్పుడు చూసింది ఎర్రదీపం. వెలుగుతూనే ఉంది. ఇంకేముంది, కొంప మునిగింది!

డైరెక్టర్ గారు ఒగర్చుకుంటూ వచ్చారు. "సర్కారు ప్రకటనలో కుక్కమాంసమా? ఇద్దరూ ఇళ్ళకి పోండి!"

ఇంతలో ఫోను మోగింది, ఆయనే ఎత్తారు. అవతల బజారులో ఉల్లిపాయలమ్మే బిసా ముసలమ్మ. "ఆ గురున్సీ వెధవకి చెప్పు నాయనా, సాయంత్రానికల్లా మా మనవళ్ళందరికీ హెల్మెట్లు కొంటున్నా. ఒక్క గింజ కూడా వాడి నోట్లో పడదు!" ఆ వెంటనే ఒక గురున్సీ మెకానిక్కు. "మా కుండలూ భద్రమేనని చెప్పాలి, మాకూ మైకివ్వండి!" ఇక ఆ ఫోను ఊరుకుంటే ఒట్టు.

డైరెక్టర్ గారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "రేపు కూడా తిట్టుకోండి. ఇంకాస్త గట్టిగా."

మర్నాడు పొద్దున్నే సులే హెల్మెట్ కడిగి తలకి పెట్టుకున్నాడు. "ఆ బజియేగాడికి నా బుర్ర వేపుడా? వాడి తరం కాదు!" ఏళ్ళ తరబడి బతిమాలితే వినని మొద్దు, ఒక్క తిట్టుకి దారికొచ్చాడు. నెల తిరక్కుండా, ఇలాంటి వేళాకోళపు చుట్టరికమే ఉన్న మిగతా తెగలు, మోసీలూ సామోలూ, ఫులానీలూ బోబోలూ, తిట్టుకునే వంతు కోసం రేడియో స్టేషన్ ముందు బారులు తీరారు. రస్మతా ఆనందం పట్టలేకపోయింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ప్రకటన మధ్యలో, ఇద్దరూ మైకు ముందు తిట్టుకుంటుండగా, తలుపు ధడాలున తెరుచుకుంది. సులే! మోచేతులు చెక్కుకుపోయాయి, చొక్కా నిండా బురద. చేతిలో హెల్మెట్, నిలువునా పగిలిపోయి ఉంది. రస్మతా కుర్చీ తోసేసి లేచింది.

"లారీ తగిలిందక్కా" అని, వాడు తిన్నగా బజియే దగ్గరికెళ్ళి తల వంచాడు. "చూస్కో బావా! ఒక్క గింజ రాలిందేమో వెతుక్కో!"

బజియే వాడి జుట్టంతా వేళ్ళతో తడిమాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఛీ, ఒక్కటీ రాలలేదు. ఈ పూటా పస్తే నాకు!"

బజియే మైకు మీట వైపు చెయ్యి చాపాడు. "కట్టెయ్యకురా, ఊరంతా విననీ!" అని అరిచింది రస్మతా. తమ్ముణ్ణి గుండెలకు హత్తుకుని, ఏడుస్తూ నవ్వుతూ వాడి తలను మైకు దగ్గరికి లాగింది.

ఆ పూట వాగడూగులో టీకి ఒక్కరూ లేవలేదు.