గిద్దతో కొలిచిన అన్నం

మా ఆయన కంచంలోంచి తీసేసిన అన్నం ఇవాళ్టి నుంచి తనంతట తానే లేచి నా కంచంలోకి నడిచి వస్తోంది. బల్ల దిగి, పొయ్యి పక్కనుంచి, నేను పీట వేసుకునే మూలదాకా వస్తుంది. ఇన్నాళ్లూ నేనే మోసేదాన్ని. పోనీలే, ఒక పని తగ్గింది.

మా ఆయన పేర్రాజుకి షుగరు. పూటకి ఇంతే పిండిపదార్థం అని డాక్టరు లెక్క చెప్పినప్పటి నుంచి అన్నం గిద్దతో కొలిచి వడ్డిస్తున్నాను. ఇడ్లీలు రెండే, అరటిపండు సగమే. మిగతా సగం పారేస్తామా? నేను తింటాను. బియ్యం తగ్గించి పోస్తే గిన్నె ఊరుకోదు, పాత అలవాటు ప్రకారం మెడదాకా ఉడికించి ఇస్తుంది. మహారాజుకి లెక్క, నాకు మిగులు.

వంటిల్లు పూటపూటకీ పొడుగవుతోంది. ఆయన మజ్జిగ అడిగితే నేను చేరేసరికి ఆయన చెయ్యి ఎండిపోతోంది, దానికి ఆయనకి విసుగు. ఆ పరుగులో వేడి మూత మీద కాలు వేస్తాను. అరికాలు బొబ్బెక్కుతుంది, నాకు తెలియనే తెలియదు. ఎడమ కాలు నాతో మాట్లాడటం మానేసి చాలా రోజులైంది.

ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ని మెచ్చుకుంటాడు, షుగరు బాగా దిగిందని. పనిలో పనిగా నేనూ షుగరు సూదికి వేలు చాపుతాను. నర్సు మిషను చూసి, ఈ అంకె పేర్రాజుగారిదే, పోయినేడాది తనే రాశానంటుంది. ఆయన వదిలేస్తే మీరు తీసుకున్నట్టున్నారు అంటుంది. నా కాలు చూసి, ఇలాగే తింటే పాదం దక్కదని చెబుతుంది.

"మీకెవరు లెక్క పెడుతున్నారమ్మా?" అని డాక్టరు అడుగుతాడు.

నేను మా ఆయన వైపు చూస్తాను. ఆయన బరువు మిషనెక్కి అంకె చూసుకుంటున్నాడు.

"దానికి లెక్కేంటండీ, ఆఖర్న ఏదో ఇంత గతుకుతుంది" అంటాడు.

నాకు ఒళ్లు మండిపోతుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నేను తింటుండగా ఈ మనిషి ఒక్కసారీ చూసి ఎరగడు.

ఇంటికొచ్చి గడప దాటుతుంటే ఎడమ పాదం చెప్పుతో పాటు ఊడి బయటే ఉండిపోతుంది. నెత్తురు లేదు. కుంటుకుంటూ వెళ్లి దాన్ని కడిగి తెచ్చి ఆయన కంచంలో పెడతాను. ఇప్పుడైనా చూడనీ.

చూస్తాడు. గిద్ద తెప్పించుకుని, అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా కొలుస్తాడు. నాదంటూ ఏదైనా ఆయన కొలవడం ఇదే మొదలు.

"ఇది నా లెక్కకి మించిపోతుందే, మాణిక్యం" అంటాడు. "పారేయకు, నువ్వు తినేయ్."

పాదం లేచి, బల్ల దిగి, అన్నం నడిచిన దారినే వస్తుంది. నేను నా కంచం బోర్లిస్తాను. పాదం దాని మీదకెక్కి నిలబడుతుంది. దాని వెనక, గిన్నెలోని అన్నమంతా మెతుకు వెనక మెతుకు బారు తీరి, నేను కంచం ఎప్పుడు తిరగేస్తానా అని ఎదురుచూస్తోంది.