లిడియా పేరున కప్పు

చూపులేని ఆడపిల్లల లాంగ్‌జంప్ పోటీలో మైదానమంతా నిశ్శబ్దంగా ఉండాలి. ఇసుక గుంట అవతల ఒకరు నిలబడి చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు పట్టుకుని పిల్ల పరుగెత్తుతుంది. ఆమెకు దారి అదొక్కటే.

గుంటూరులో ఆ రోజు లిడియా పరుగు మొదలుపెట్టింది. పోటీల సంఘం అధ్యక్షుడు చెంచురామయ్యకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. ఫొటోలు తీసేవాళ్ళు వచ్చి ఉన్నారు. తన మిరప కోల్డ్ స్టోరేజీ నుంచి లారీల్లో తెప్పించిన కూలి ఆడవాళ్ళ వైపు తిరిగి మైకులో అరిచాడు.

"ఏం, అన్నం తిన్లేదా? కొట్టండి చప్పట్లు!"

కొట్టారు. చప్పుడు అన్నివైపులా లేచింది. లిడియా పక్కకు తిరిగి, తూలి పడింది. గుంట చుట్టూ కట్టిన సిమెంటు గట్టుకు తల తగిలింది. మర్నాడు పోయింది. మా బడి పిల్ల. నేను ఆమెకు తెలుగు చెప్పాను. అంతకుమించి రాయలేను.

పిల్లే దారి తప్పిందని సంఘం తేల్చింది. నెల తిరక్కుండా అదే మైదానంలో ఆమె పేరున కప్పు పోటీ పెట్టింది. దండ వేసిన లిడియా ఫొటో పక్కన చెంచురామయ్య ఫొటో, దానికంటే పెద్దది.

మొదట మా బడి పిల్ల సిద్దికాను దూకమని పిలిచారు. ఆమె పరుగెత్తలేదు. నడిచి వెళ్ళి ఇసుకలో కూర్చుంది. మిగతా పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు.

"ఏమ్మాయ్, దూకవా?" అన్నాడు చెంచురామయ్య.

"దూకను సార్. లిడియా ఎట్లా చచ్చిపోయిందో ముందు మైకులో చెప్పండి."

"చెప్పాంగా, దారి తప్పింది."

"తప్పించింది మీరు. మీ గొంతు మాకు తెలీదనుకున్నారా?"

"మీ హాస్టలు ఖాళీ చేయిస్తా, ఏమనుకున్నావో!"

ఈసారి కూడా కూలి ఆడవాళ్ళను లారీల్లో తెచ్చారు. వాళ్ళలోంచి గురవమ్మ లేచింది.

"ఏమయ్యా, మేం చప్పట్లు కొడితే ఆ పిల్లకి దారి పోద్దని మాకెందుకు చెప్పలా? మా చేతుల్తో చంపించావు గదయ్యా!"

"కూర్చోవే! రేపట్నుంచి పన్లోకి రామాక."

"నీ మిరపకాయలకి తొడిమలు నువ్వే తీసుకో పో!"

ఆమె ఇసుకలోకి దిగింది. ఆమె వెనక కూలీలంతా దిగారు. పోలీసులు వచ్చారు.

"మీ లీడరెవరు?" అని గద్దించాడు ఎస్సై.

"మాకు కనపడదు సార్. మీరే వెతుక్కోండి" అంది సిద్దికా.

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఎస్సై నా వైపు తిరిగాడు. "మాస్టారూ, చదువుకున్నవారు, మీరన్నా చెప్పండి వీళ్ళకి."

నేను చెప్పులు విడిచి ఇసుకలోకి దిగాను.

అరెస్టు చేసిన మా అందరికీ పోలీసు వ్యానులో చోటు చాల్లేదు. మిగిలినవాళ్ళు స్టేషనుకు నడిచే బయల్దేరారు.