దున్నని చెలక

క్రిస్టోఫర్ ట్రాక్టరు వెనకున్న రొటవేటరు పళ్లకు చుట్టుకున్న పాత గడ్డిని కొడవలితో కోసి పారేస్తున్నాడు. కళ్లు మాత్రం గట్టు మీదున్న వనజ మీదే ఉన్నాయి. ఈ మెట్ట చెలక ఆమెది. బండి దింపమని ఇంకా చెప్పలేదు. రాత్రి వానకు నేల మెత్తబడింది. అడవి వైపు మళ్లీ మబ్బు కమ్ముతోంది. దున్నాలన్నా, గింజ వేయాలన్నా ఈ పూటే.

ఊళ్లో మిగిలిన గిరాకీ ఇదొక్కటే. నిరుడు వనజ కింది నల్లరేగడి మడిలో దున్నకుండానే, వరి కొయ్యకాళ్ల మధ్యే తాడు పట్టి, కర్రతో బొక్కలు పొడిచి మొక్కజొన్న వేసింది. అది ఏపుగా పెరిగేసరికి ఊరంతా దున్నకం మానేసింది. ఈ చెలక కూడా తప్పిపోతే బండిని ఇల్లందుకు తెచ్చేయమని, ఇక డ్రైవరుతో పనిలేదని ఓనరు పొద్దున్నే ఫోన్ చేశాడు. క్రిస్టోఫర్ స్టీరింగ్ తప్ప వేరే పని తెలియని మనిషి. నడుముకు బెల్టు బిగిస్తే గాని సీటెక్కలేడు. ఇప్పుడు కొత్త పని ఎవడిస్తాడు పాపం!

"ఇది రేగడి గాదే, ఎర్ర చెలక. దున్నకుంటే బిగుసుకుంటది. మా నోట్ల మన్ను గొట్టకు," అంది వనజ అత్త నాగక్క.

"దున్నితే మన్నే ఉంటలేదు గదత్తా!" అంటూ వనజ క్రిస్టోఫర్ వైపు తిరిగింది. "అన్నా, ఏండ్లసంది దున్నినోనివి. నువ్వే చెప్పు."

దున్నుదాం. ఆ ఒక్క మాట చాలు. అతను వంగి మట్టి తీశాడు. కంది ఆకు రాలిన చోట అది వేళ్ల మధ్య మెత్తగా విరిగింది. ఏమీ లేని చోట చెక్కలా ఉంది. దిగువన, మన్ను కొట్టుకుపోయి, రాళ్లు తేలి ఉన్నాయి. ఉరిమింది. ఎవరి మీదో తెలియని కోపం ముంచుకొచ్చింది.

"దున్నకు చెల్లె. వాన దిగితే మన్నంతా వాగుల పడ్తది. ఆకు, కట్టె పరిచి గింజెయ్యి. మొదటేడు పంట తక్కువే అయితది, ముందే చెప్తున్న."

"మరి నీ పనో?" నాగక్క నోరెళ్లబెట్టింది.

"నా సంగతి యేసయ్య సూస్తడు గానీ, జల్దీ కానియ్యుండ్రి!"

ఇద్దరికీ ఒకటే కర్ర ఉందని చూసి, గట్టు మీది కొమ్మ ఒకటి నరికి మొన చెక్కి ఇచ్చాడు.

ఆఖరి సాలులో గింజలు వేయడం పూర్తవుతుండగా చినుకులు మొదలయ్యాయి. వనజ తలెత్తి చూస్తే బండి లేదు.

"పోయిండా? బువ్వ తిని పొమ్మందామనుకుంటిని," అంది నాగక్క.

క్రిస్టోఫర్ మళ్లీ ఆ ఊరు రాలేదు. చేతులు బొబ్బలెక్కకుండా అతను పాత సైకిల్ ట్యూబు చుట్టిచ్చిన ఆ కర్ర, చివరి బొక్క పక్కన మట్టిలో దిగబడి ఉండిపోయింది.