చప్పుడున్న వీధి

ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాక సిస్టరమ్మకి కావలసింది ఒక్కటే, చప్పుడు లేని ఇల్లు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తనలో తాను కూడా అనుకోలేదు. అంతా ఆయన కోసమేనంది.

ఆమె హెడ్ నర్సు. పసిపిల్లల నించి పళ్ళూడిన వాళ్ళ దాకా అందరికీ సిస్టరమ్మే. "ఊరందరికీ సిస్టరువి. నేనొక్కణ్ణే ఆ పిలుపు పిలవకూడదు, ఏం ఖర్మో!" అని ఆమె భర్త నవ్వేవాడు. ఆయన పేపరు అచ్చేసే ప్రెస్సులో మెషీన్ నడిపిన మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మెషీన్ పక్కనే నిలబడ్డాడు. అది తిరుగుతుంటే పక్కవాడితో మాట్లాడాలన్నా చెవిలో నోరు పెట్టి అరవాలి, లేదంటే ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకోవాలి. పెదాలు చూడటం ఆయనకి బాగా అబ్బింది.

ఆ ప్రెస్సు పాత మెషీన్లు తీసేసి ఆయన్ని ఇంటికి పంపేసిన ఏడాదే ఆమెకి కొండల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది. పదకొండేళ్ళు అక్కడే ఉన్నారు. క్వార్టర్స్ పక్కనే కలప కోసే మిల్లు. పొద్దున ఆరింటికి రంపం మొదలయ్యేది. సిస్టరమ్మ ఆ మిల్లుని తిట్టని రోజు లేదు. ఆయన మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు. "మీది రాతి చెవి" అనేదామె. "అదృష్టవంతుణ్ణి" అనేవాడాయన.

పిల్లల్లేరు. ఆమె రిటైరవగానే మళ్ళీ నగరానికే వెళ్ళిపోదామనుకున్నారు. అదీ శివార్లలో కాదు, నడిబొడ్డున. డాక్టరూ మందుల కొట్టూ బజారూ కాలినడకన అందాలి, బస్సు వీధి చివరే ఆగాలి. ఇక్కడి దాకా మొగుడూ పెళ్ళాలది ఒకటే మాట.

బ్రోకరు రెండిళ్ళు చూపించాడు. మొదటిది పాత ప్రెస్సు ఉన్న వీధిలోనే, మూడో అంతస్తు. కింద వరసగా బైండింగు షాపులు, అట్టపెట్టెలు చేసేవాళ్ళు, ఇనుప బీరువాలకి రేకులు వంచేవాళ్ళు. కిటికీ తెరవగానే చప్పుడంతా దబ్బున మీద పడింది. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు.

"ఇది బాగుంది" అన్నాడు.

"ఏం బాగుందండీ? మనిషి మాట మనిషికి వినబడి చావట్లేదు."

"అదే బాగుంది."

ఆమె పకపకా నవ్వింది. ఇన్నేళ్ళ కాపురంలో తన వాగుడు మీద ఆయన వేసిన జోకుల్లో ఇదొకటి అనుకుంది.

రెండోది అక్కడికి పది నిమిషాల నడక, కాలవ పక్క సందు. నడిబొడ్డులో అలాంటి చోటు ఉందంటే నమ్మబుద్ధి కాదు. సందులోకి బళ్ళు రావు. పెద్ద చెట్లు, నున్నటి రాతి బాట. పడగ్గదిలోకి వెళ్ళి తలుపేస్తే గోడ గడియారం ముల్లు కదలడం కూడా వినిపిస్తోంది. ఆ గది మధ్యలో నిలబడి సిస్టరమ్మ కళ్ళు మూసుకుంది. బెల్లులు లేవు, మూలుగులు లేవు, "సిస్టర్, సిస్టర్" అన్న కేకలు లేవు. అలా ఎంతసేపుందో ఆమెకే తెలీదు. కళ్ళు తెరిచేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

"నచ్చిందా నీకు?" అన్నాడు.

"నా సంగతెందుకు! మీ కోసమేనండీ ఇదంతా. ఆ మెషీన్ల హోరులో మీ చెవులు తూట్లు పడిపోయాయి. ఇకనైనా వాటికి కాస్త విశ్రాంతి వద్దూ?"

ఆయన ఆమె పెదాల వంక చూశాడు, తర్వాత మొహం వంక చూశాడు. "సరే, అలాగే కానీ" అన్నాడు.

బస్సులో తిరిగి వస్తుంటే "కాస్త సందడిగా ఉంటేనూ..." అని ఏదో మొదలెట్టాడు. ఆమె అప్పటికే కర్టెన్లకి ఎంత గుడ్డ పడుతుందో లెక్కలు కడుతోంది. "ఏంటండీ?" అంది. "ఏం లేదులే" అన్నాడు. ఆమె రెట్టించి అడగలేదు.

కాలవ పక్క ఇంట్లో ఆమెకి ఒళ్ళు తెలియని నిద్ర పట్టేది. మొహంలో కళ వచ్చిందని పాత స్నేహితురాళ్ళు అంటుంటే మురిసిపోయేది. ఆయన మాత్రం రానురాను ఇంట్లో కాలు నిలవని మనిషైపోయాడు. పేపరు మొదటి పేజీ దాటేవాడు కాదు. సగం అన్నంలో లేచి వరండాలోకి పోయేవాడు. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "అదేమన్నా సినిమానా, అలా చూస్తారు?" అని ఆమె ఆటపట్టించేది. స్నానాల గదిలో పంపు విప్పి వదిలేస్తే మాత్రం గయ్యిమనేది. ఉద్యోగం లేని మగవాళ్ళు ఇలాగే ఉంటారని సరిపెట్టుకుంది. వార్డులో అవతలి మంచం మీద ఊపిరి తేడాగా ఉంటే ఇవతలి మంచం దగ్గర్నించే పసిగట్టేదని పేరున్న మనిషి!

ఒకరోజు ఎదురింటి లెక్కల టీచరు వచ్చి గుమ్మంలోనే నిలబడింది. మంచి మనిషే, చెప్పడానికి ఇబ్బంది పడింది.

"ఏమీ అనుకోకండి. మీరు బజారుకెళ్ళినప్పుడు మీవారు రేడియో పెడుతున్నారు. పాటలైతే మేమూ వింటాం. స్టేషనే లేని చోట ముల్లు పెట్టి వదిలేస్తున్నారండీ. గంటలకొద్దీ బర్రుమంటూ ఒకటే గోల. పిల్లలకి పరీక్షలు."

సిస్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. టీచరు అటు వెళ్ళగానే ఇటు ఆయన మీద విరుచుకుపడింది.

"నలుగురిలో పరువు తీస్తున్నారు కదా! అందరూ హాయిగా ఉన్న సందులో మనమొకళ్ళం తయారయ్యాం. మీకసలు బుద్ధుందా?"

రేడియోలో బ్యాటరీలు పీకి, రేడియోని బీరువా మీద పెట్టేసింది. ఆయన ఆ మధ్యాహ్నమంతా అరచేతులతో చెవులు మూసుకుని, తీసి, మళ్ళీ మూసుకుని కూర్చున్నాడు. అలిగాడనుకుంది.

ఇంకో నెలకి కంపోజర్ వచ్చాడు. ప్రెస్సులో అక్షరాలు పేర్చిన మనిషి, ఆయనకి చిన్ననాటి నేస్తం. ఆయన్ని బావా అనేవాడు, ఆమెని చెల్లెమ్మా అనేవాడు. ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు. కంపోజర్ ఇల్లంతా కలయజూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇల్లు అద్దంలా ఉంది చెల్లెమ్మా. కానీ బావ ఇక్కడెలా ఉంటున్నాడు?"

"ఏం అన్నయ్యా, అలా అంటావ్?"

"ఆ ఈల సంగతి నీకు తెలీదా?"

ఏ ఈల అంది ఆమె. కంపోజర్ వంటింటి వైపు చూశాడు. ఆమె కూడా చూసింది, ఆయన వింటాడేమోనని.

"వినబడదులే. వీపు ఇటుంది కదా. ఎదురుగా ఉంటేనే నీ మాటయినా నా మాటయినా. మెషీన్ రూములో పనిచేసిన వాళ్ళందరికీ ఉన్న జబ్బే తల్లీ. వినికిడి పోతుంది, లోపల ఈల మొదలవుతుంది. చెవిలో ఎవరో సన్నగా, ఆపకుండా ఊదుతున్నట్టు. చుట్టూ పెద్ద చప్పుడుంటే అది అణిగి ఉంటుంది. నిశ్శబ్దంగా ఉంటే మనిషిని తినేస్తుంది. బావకి మా అందరికంటే ఎక్కువ. అందుకే కదా ఆ వీధి, ఆ వీధి అని కలవరించాడు."

సిస్టరమ్మ "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్తాననే అన్నాడు. ఇల్లు ఖాయం చేయడానికొచ్చినప్పుడు మా ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'మా ఆవిడ ఆ గదిలో కళ్ళు మూసుకుని నిలబడింది బావా. పెళ్ళయిందగ్గర్నించీ ఆ మొహం అంత హాయిగా ఉండగా నేను చూళ్ళేదు. ఎలా కాదనేది?' అన్నాడు."

ఆయన మూడు కప్పులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చాడు. ఆమె కప్పు అందుకుంది గానీ ఆ టీ తాగలేదు.

కంపోజర్ వెళ్ళాక ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎప్పట్నించండీ?"

ఆయనకి అర్థమైంది. "కొండూళ్ళో ఉన్నప్పట్నించే. అక్కడ మిల్లు ఉండేది కదా, ఫరవాలేకపోయింది."

"నేను నర్సునండీ. మీ పక్కనే పడుకుంటున్నదాన్ని."

"నీకు మాత్రం ఎంతమంది రోగులని!" అని నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. లేచి వెళ్ళి బీరువా మీంచి రేడియో దించింది. బ్యాటరీలు ఎక్కడ పెట్టిందో గుర్తు రాక ఇల్లంతా వెతికింది.

మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒకప్పుడు ఆమె వార్డులోనే పని నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు పెద్ద డాక్టరు. పరీక్షలన్నీ చేసి, ఆయన్ని బయట కూర్చోబెట్టి చెప్పాడు.

"కుడిచెవి అయిపోయింది సిస్టర్. ఎడమది కొంచెం మిగిలింది. బాగా గట్టి చప్పుళ్ళే అందులోకి వెళ్తాయి. అదీ పోతుంది, ఎన్నాళ్ళలో అంటే చెప్పలేను. మెషీన్ పెట్టి చూద్దాం, కానీ ఆశ పెట్టుకోకండి."

"మేముంటున్న ఇంటివల్లా ఇదంతా?"

"ఛ, ఛ. ఎక్కడున్నా పోయేదే. కాకపోతే ఉన్నన్నాళ్ళూ చుట్టూ కాస్త సందడి ఉండేలా చూడండి. ఆ ఈల బాధ తప్పుతుంది, నాలుగు చప్పుళ్ళు చెవిన పడతాయి."

చెవి మెషీన్ వారం రోజులు పెట్టుకుని తీసేశాడు. ఈలే ఇంకా పెద్దదైందన్నాడు.

సిస్టరమ్మ ఆ పాత వీధికి పరిగెత్తింది. మూడో అంతస్తు ఇంట్లో ఒక దర్జీ కుటుంబం ఎప్పుడో దిగిపోయింది. ఇంకో ఇల్లు ఖాళీ లేదు. ఆ వీధిలో గుమ్మం గుమ్మం ఎక్కి దిగింది. బైండింగు షాపుల వాళ్ళందరికీ చెప్పిపెట్టింది. "కాలవ పక్కన అంత మంచి ఇల్లు వదులుకుని ఈ గోలలోకి ఎందుకమ్మా?" అని అడిగినవాళ్ళకి ఫోను నంబరు రాసిచ్చి పక్క గుమ్మం ఎక్కింది. నాలుగు నెలలు గడిచాక రేకుల షాపు మీద రెండు గదులు దొరికాయి. గోడలు పెచ్చులూడి ఉన్నాయి, వంటిల్లు ఇరుకు. ఆమె మారు మాట్లాడకుండా ఒప్పేసుకుంది. కాలవ పక్క ఇంట్లో వాళ్ళున్నది మొత్తం పదమూడు నెలలు.

కొత్తింట్లో దిగిన మొదటిరోజు ఆయన బాల్కనీలో నిలబడి వీధంతా చూసి, "ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందే!" అన్నాడు. ఆ మాట చాలు ఆమెకి. కింద రేకుల మీద సుత్తి దెబ్బలు పడుతుంటే ఆమె తల దిమ్మెక్కిపోయేది. అయినా దూది పెట్టుకోవడానికి కూడా మనసొప్పలేదు. ఆయన పేపరు చివరిపేజీ దాకా చదువుతున్నాడు, కూర్చుని అన్నం తింటున్నాడు. రోజూ ఏదో ఒకటి చెప్పేవాడు. "ఇవాళ రేకులవాళ్ళు తొందరగా మొదలెట్టారు." "లారీవాడు ఆ హారన్ ఏంటే బాబూ, చెవులు పగిలేలా!" ఆలస్యమైతే అయింది, తప్పు దిద్దుకున్నాననుకుందామె.

అలా ఆరు వారాలు గడిచాయి. ఒకరోజు లైన్లు బాగుచేస్తున్నామని పొద్దున ఏడింటికే వీధంతా కరెంటు తీసేశారు. చలికాలం కావడంతో ఇంట్లో ఫ్యాన్లు వేసి లేవు, ఎండ వచ్చేసింది కాబట్టి లైట్లూ లేవు. కోసే మెషీన్లు ఆగిపోయాయి, వెల్డింగు ఆగిపోయింది. పనివాళ్ళందరూ టీ కొట్టు దగ్గర చేరారు. తొమ్మిదైనా ఒక్క సుత్తి దెబ్బ లేదు. పక్కవీధిలో ఎవరో తుమ్మితే ఇక్కడికి వినబడింది.

ఆయన వెనక గదిలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఆమె టీ తీసుకుని వెళ్ళింది. అద్దంలో ఆమెని చూసి, నురగ మొహంతోనే నవ్వాడు.

"ఏం జోరుగా ఉందే ఇవాళ వీధి! పొద్దున్నించీ ఒకటే మోత. ఆర్డర్లు బాగా వచ్చినట్టున్నాయి వాళ్ళకి."

ఆమె కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. ఇల్లు మారిన రోజున మెట్ల మీద ఇనప పెట్టె కూలీల చేతుల్లోంచి జారి, దొర్లుకుంటూ కిందకి పోవడం గుర్తొచ్చింది. అందరూ అదిరిపడి వెనక్కి తిరిగారు. ఆయన మాత్రం గోడకి మేకు ఎక్కడ కొట్టాలా అని చూస్తూనే ఉన్నాడు. ఆనాడు ఆమె కంగారులో ఉంది. ఇప్పుడు తెలిసింది. ఈ ఇంటికొచ్చేసరికే ఆ ఎడమచెవి కూడా అయిపోయింది. మిగిలిన ఆ కాస్త వినికిడీ కాలవ పక్కన, చెట్ల కింద, ఆమె అంత ఇష్టపడిన నిశ్శబ్దంలోనే ఖర్చైపోయింది. ఒక్క ఏడాది ముందు ఈ వీధికి వచ్చి ఉంటే ఆ ఏడాది ఆయన విని ఉండేవాడు. ఇప్పుడిక ఆ ఈల ఒక్కటే. ఎంత మోతలో కూర్చోబెట్టినా అది అణగదు.

అద్దంలోంచి ఆయన ఆమె మొహాన్నే చూస్తున్నాడు, జవాబు కోసం.

చెప్పేద్దామా అనుకుంది. చెప్తే ఏమవుతుంది? ఆరు వారాలుగా రోజుకో చప్పుడు కళ్ళతో ఏరుకొచ్చి తన చేతిలో పెడుతున్న మనిషి. ఆమె ఆయన ముందుకి వచ్చి నిలబడింది, పెదాలు బాగా కనబడేలా.

"అవునండీ, చెవులు చిల్లులు పడిపోతున్నాయి" అంది.

ఆయన తృప్తిగా తలూపి మళ్ళీ గడ్డం గీసుకోవడంలో పడ్డాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఏడుపు గట్టిగానే వచ్చింది. వినబడుతుందని ఆపుకోవలసిన అవసరం లేదు. ఆ ఆలోచన రాగానే దుఃఖం ఇంకా ముంచుకొచ్చింది.

పన్నెండింటికి కరెంటు వచ్చింది. కింద షాపులో కోసే మెషీన్ గుర్రుమంటూ అందుకుంది. సిస్టరమ్మ మొహం కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళి, ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మళ్ళీ మొదలెట్టారు" అని ఆయన వైపు తిరిగి చెప్పింది.

"ఆఁ, వింటున్నా" అన్నాడాయన.